కోత పిల్ల, పూత పిల్ల

వాకిట్లో పొగ లేస్తోంది. అది తమ పొయ్యి పొగ కాదని గంగరాజుకి వీధి మలుపులోనే తెలిసిపోయింది. తమ పొయ్యి వంటింట్లో ఉంది. ఈ పొగ ప్రహరీ గోడవారన లేస్తోంది.

భుజం మీది, కొసన వల కట్టిన చిక్కం కర్ర దించకుండానే లోపలికి అడుగుపెట్టాడు. పొద్దుటినుంచీ కలెక్టరు మామిడి కాయ దించి దించి చేతుల నిండా సొన మరకలు. మరదలు కల్యాణి మూడిటుకలు పేర్చి, పైన గిన్నె పెట్టి, ఎండు మామిడి పుల్లలు ఎగదోస్తోంది. గిన్నెలో ఇద్దరికి సరిపడా బియ్యం.

తమ్ముడు పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో అయిదుగురికీ ఒకే పొయ్యి. నిన్న రాత్రి దాకా.

"ఏంటమ్మా ఇది?"

కల్యాణి తలెత్తలేదు. "కడుపు నింపుకోవాలిగా బావగారూ."

"లోపల పొయ్యి లేదా?"

"ఉంది. అక్కయ్యది."

గుమ్మంలో కూర్చున్న భార్య పార్వతి కొంగు దులిపింది. "అడుగు, ఆవిడగారినే అడుగు. నన్నడక్కు. రాత్రి నేనేదో అన్నానట, పౌరుషం పొడుచుకొచ్చింది."

"ఏమన్నావు?"

"ఉన్నమాటన్నాను."

"అదే, ఏమన్నావని!"

పార్వతి మొహం పక్కకి తిప్పుకుంది. కల్యాణే చెప్పింది, పుల్ల విరుస్తూ, ఎవరింట్లో సంగతో చెప్తున్నట్టు. "మా ఇంట్లో తిని, మా పుస్తకాలు చదివి, మా పిల్ల సీటు ఎగరేసుకుపోయారన్నారు. అందుకని తినడం మానేశాం. పుస్తకాలు వేరుచేసి గూట్లో పెట్టాను. సీటు ఒక్కటే కదా. దాన్నెలా వేరుచెయ్యాలో నాకు తెలీదు."

గంగరాజు కర్ర గోడకి ఆనించి అరుగు మీద కూలబడ్డాడు. కోతల్లో చెట్టు చెట్టుకీ తిరిగినా రాని ఆయాసం ఇప్పుడొచ్చింది.

విజయవాడ అవతలున్న ఆ యూనివర్సిటీ వాళ్ళు ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్ళకి స్కాలర్‌షిప్ ఇస్తారు. నాలుగేళ్ళ చదువూ, హాస్టలూ, తిండీ అన్నీ వాళ్ళవే. కాకపోతే మండలానికి ఒక్కరికే. మండలానికి ఒక్కతే తెలివైన పిల్ల పుడుతుందని ఎవరు లెక్కేశారో ఆ పెద్దలకే తెలియాలి. ముసునూరు మండలంలో ఈసారి ఇద్దరు పుట్టారు. అదీ ఒక్క కప్పు కింద. ఒకే పుస్తకం మధ్యన పెట్టుకుని చెరోవైపు బోర్లా పడుకుని చదివారు, ఒకే మార్కులు తెచ్చుకున్నారు. తొమ్మిది వందల ఎనభై మూడు, తొమ్మిది వందల ఎనభై మూడు. లెక్కల్లో కూడా తేడా లేదు.

అలా అన్నీ సమానమైతే వయసులో పెద్దవాళ్ళకి ఇస్తారట. కాగితాలు చూసి, పెద్దది అక్షయ అని తేల్చారు. కల్యాణి కూతురు అక్షయ.

అసలు పెద్దది గంగరాజు కూతురు ప్రవల్లిక.

"ఆ పిల్ల పుట్టేసరికి నా పిల్ల పాకుతోంది," అంది పార్వతి. గొంతు మెల్లగానే మొదలైంది. "పాకుతూ వెళ్ళి ఆ పిల్ల ఉయ్యాల తాడు పట్టుకు లాగింది. పడిపోతుందని నేను పరిగెత్తాను. ఇవాళ ఆ పిల్ల పెద్దదైపోయింది, నాది చిన్నదైపోయింది. ఎలా అయిందయ్యా? నీ నోటితో చెప్పు, వింటాను."

"తెలిసిందే కదే."

"తెలిసిందే. ఎన్నిసార్లు విన్నా కడుపు మండుతూనే ఉంది. నీ కూతురి పెద్దరికం నువ్వే తీసుకెళ్ళి బళ్ళో పారేసొచ్చావు."

బళ్ళో వేసే రోజు ఇద్దర్నీ చెరో భుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్ళింది గంగరాజే. హెడ్మాస్టరు పుట్టిన తేదీలడిగాడు. ఇద్దరూ ఇంట్లోనే, మంత్రసాని జోజమ్మ చేతుల మీద పుట్టినవాళ్ళు. ఏ ఆస్పత్రి కాగితమూ లేదు. "ఒకతి కోతల్లో పుట్టిందండీ, ఒకతి పూతలో," అన్నాడు. ఏ ఏడాదిరా అన్నాడు ఆయన. "ఇద్దరూ ఒకే ఏడు పిల్లలేనండీ," అన్నాడు.

అబద్ధం చెప్పలేదు. తోటలో బతికేవాడికి ఏడాదంటే కోతనుంచి మళ్ళీ కోతదాకా. కాయ దించాక దున్నుడు, ఆనక పూత, పిందె, మళ్ళీ కాయ. ఎండల్లో కోతలప్పుడు ప్రవల్లిక పుట్టింది. ఆ వెనక వచ్చిన పూతలో, చలికి వణుకుతూ అక్షయ పుట్టింది. ఒకే ఏడు. కానీ హెడ్మాస్టరు గోడకి వేలాడే క్యాలెండరు చూశాడు. అందులో జనవరి ముందు, మే తర్వాత. పూత పిల్లకి జనవరి రాశాడు, కోత పిల్లకి అదే ఏడు మే రాశాడు. చదువుకున్నవాడు రాశాడు, చదువుకోనివాడు దండం పెట్టి వచ్చేశాడు. పెద్దది చిన్నదైంది, చిన్నది పెద్దదైంది.

ఆధార్ కార్డుకీ అదే తేదీ వెళ్ళింది, టెన్త్ సర్టిఫికెట్టుకీ అదే వెళ్ళింది. ఎవరికీ అడ్డం రాలేదు. కేకులు కోసి పుట్టినరోజులు చేసుకునే ఇల్లయితే ఏనాడో బయటపడేది.

"కబురంపించావంట, ఎవరికే నొప్పులు?" అంటూ కర్ర పొడుచుకుంటూ జోజమ్మే వచ్చింది. నడుం వంగిపోయింది గాని నోరు వంగలేదు. "నీకేనా ఏంటి పార్వతీ? ఈ వయసులో ఇదేం బుద్ధే?"

వేరే రోజైతే నవ్వేవాళ్ళు. ఇవాళ నవ్వు రాకపోయేసరికి జోజమ్మ కళ్ళు చికిలించి అటూ ఇటూ చూసింది. వాకిట్లో కొత్త పొయ్యి చూసింది. "ఓహో," అని అరుగు చివర కూర్చుంది.

"అందరి ముందూ చెప్పు జోజమ్మా. ఎవరు ముందు పుట్టారు?" అంది పార్వతి.

"అదేం ప్రశ్నే? ప్రవల్లిక. కోతలు జోరుమీదున్నాయి, లారీ లోడవుతోంది. నొప్పులొచ్చాయిరా అంటే, నీ మొగుడు కాయెక్కించాక వస్తానని కబురెట్టాడు. వచ్చేసరికి పిల్ల పాలు తాగి నిద్రపోయింది. ఈ అక్షయ పూతలో పుట్టింది. మంచు పడి పూత మాడిపోయిందని ఊరూరంతా ఏడుస్తున్నారు, ఇది మాత్రం పుట్టి ఏడవదే! వీపు మీద నాలుగంటిస్తే గాని కేరుమనలేదు."

"విన్నావా కల్యాణీ?"

కల్యాణి గరిటె గిన్నె మీద పెట్టి మొదటిసారి ఇటు తిరిగింది. "నేనెప్పుడు కాదన్నానక్కా? ఈ వీధి కుక్కలక్కూడా తెలుసు. నా పిల్ల నీ పిల్లని అక్కా అని కాకుండా పేరు పెట్టి ఏనాడన్నా పిలిచిందా?"

"మరి రేప్పొద్దున ఏ మొహం పెట్టుకుని వెళ్ళి చేరతారు?"

"పిలిచారు కాబట్టి వెళ్తామనుకున్నాం. నిన్న రాత్రి నువ్వొక్క మాట మంచిగా అడిగుంటే, ప్రవల్లికకి నా చేత్తో తల దువ్వి, నేనే బస్సెక్కించేదాన్ని. నువ్వడగలేదు, తిట్టావు. తిట్టించుకున్నాక ఇవ్వాలంటే దొంగసొత్తు తిరిగిచ్చినట్టుంటుంది. నాకు చేతకావట్లేదక్కా."

మంచిగా అడగడం పార్వతికి చేతకాదు. పుట్టినింట్లో ఎవరూ నేర్పలేదు.

జోజమ్మ కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఒక్కదానికే ఎందుకిస్తారంట? ఇద్దరూ ఒకేలాగ చదివినప్పుడు ఇద్దరికీ ఇవ్వొచ్చుగా?"

కల్యాణి పొయ్యిలోకి ఇంకో పుల్ల ఎగదోసింది. జోజమ్మ చేతులు చాచింది.

"పోనీ నేనొచ్చి వాళ్ళతో చెప్పనా? నా చేతులు చూపిస్తాను, ఇదిగో ఈ చేతులే అని."

"నువ్వెక్కడికీ రానక్కర్లేదు జోజమ్మా."

ప్రవల్లిక గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నిన్నటినుంచీ గోడకి తిరిగి పడుకున్న పిల్ల. చెంప మీద చాప అచ్చులు ఇంకా పోలేదు.

"నేనే ఫోన్ చేశాను. స్కాలర్‌షిప్పుల మేడంగారితో మాట్లాడాను. సాయంత్రం నాన్నకి చేస్తానన్నారు."

గిన్నెలో అన్నం పొంగి బయటికి కారింది. కల్యాణి చూడలేదు.

*

పెరట్లో తొట్టి దగ్గర గంగరాజు చేతులు రుద్దుకుంటున్నాడు. సొన సబ్బుకి వదలదు, కిరసనాయిలుండాలి. వదలదని తెలిసీ రుద్దుతున్నాడు. వెనకాల అడుగుల చప్పుడు విని కూతురని తెలుసుకున్నాడు.

"నాన్నా."

"ఊఁ."

"మేడం ఒక్కటే అడుగుతారు. ఇద్దర్లో పెద్దమ్మాయి ఎవరు అని. ఇద్దరూ ఒకింటి పిల్లలే కాబట్టి, ఇంటి పెద్ద చెప్తే రేపు చేరేలోగా పేరు మార్చేస్తారంట. తేదీ తర్వాత సరిచేయించుకోవచ్చంట."

"మంచావిడల్లే ఉంది."

"మంచావిడే. నీ మాటొక్కటే చాలంది. అందుకే భయంగా ఉంది."

గంగరాజు చెంబుతో నీళ్ళు పోసుకున్నాడు. "అక్షయ ఏమంటోంది?"

"చూశావా! నేనేమంటున్నానో అడగవు. దాన్నే అడుగుతావు." పిల్ల గొంతు కోపంగా లేదు, అలిసిపోయి ఉంది. "అది రాత్రి నా పక్కకొచ్చి, అక్కా నువ్వే వెళ్ళు అంది. నాది నాకు దానం చెయ్యకే అన్నాను. ఏడ్చింది. పొద్దున్నే కాయలు ఏరడానికి షెడ్డుకి పోయింది, ఇంట్లో ఉండలేక."

"నీకు కౌన్సెలింగు ఉంది కదమ్మా. ఎక్కడో ఒక చోట..."

"దానికీ ఉంది. ఆ మాటే దానితో చెప్పు."

గంగరాజు చెప్పలేడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"బాబాయి సంగతేగా?" అంది ప్రవల్లిక.

ఆయన చేతిలో చెంబు ఆగింది.

ఆ ఏడు కోతలకి గంగరాజు జ్వరంతో మంచం పట్టాడు. అన్న వాటా చెట్లు తను దించుతానని తమ్ముడు నాగేశు ఈ చిక్కమే పట్టుకుని వెళ్ళాడు. ముందు రోజు వాన పడింది. మధ్యాహ్నానికి నలుగురు మోసుకొచ్చారు. అప్పటికి అక్షయకి సరిగ్గా మాటలు రావు. అప్పట్నుంచీ అన్నం మొదటి ముద్ద అక్షయకి, పండగకి మొదటి గౌను అక్షయకి. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు. అదొక పద్ధతైపోయింది.

"గౌనుకి నేను ఏడవలేదు నాన్నా. కాలేజీకి సైకిలు దానికే ముందు కొన్నావు, వెనక కూర్చుని వెళ్ళాను, ఏడవలేదు. దీనికి ఏడుస్తున్నాను. నాకేం ఎక్కువ చెయ్యమనట్లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పమంటున్నాను. అంతే."

గంగరాజు తలెత్తి కూతురి మొహం చూశాడు. ఎన్నాళ్ళయిందో అలా చూసి.

"చెప్తానమ్మా," అన్నాడు.

"ఒట్టా?"

"ఒట్టు."

పిల్ల తువ్వాలు అందించింది. ఆ అందించడంలో చిన్నప్పటి నవ్వు ఒకటి తొంగి చూసి వెళ్ళింది. దాని కోసం ఆయన ఏదైనా చేసేవాడే, ఆ క్షణంలో ఫోను మోగి ఉంటే.

*

ఫోను మోగేసరికి దీపాలు పెట్టే వేళైంది. అక్షయ షెడ్డునుంచి అప్పుడే వచ్చి, కాళ్ళు కడుక్కుని, తలుపు పక్కన నిలబడింది. లోపలికి వెళ్ళాలో, తల్లి దగ్గరికి వాకిట్లోకి వెళ్ళాలో తెలియక అక్కడే ఆగిపోయింది.

"పెదనాన్నా, ఫోను," అంది మెల్లగా.

ప్రవల్లిక వచ్చి మీట నొక్కి, అందరికీ వినపడేలా పెట్టి అరుగు మీద ఉంచింది. పార్వతి గోడకి చేరబడింది. కల్యాణి పొయ్యి దగ్గరే ఉంది, నిప్పు ఎప్పుడో ఆరిపోయినా.

"గంగరాజు గారేనా అండీ?"

"అవునండి, నేనేనండి."

"ముందు మీకు అభినందనలండీ. ఇద్దరు పిల్లల్నీ అంత బాగా చదివించారు. మీ ప్రవల్లిక నాతో మాట్లాడింది. బళ్ళో తేదీ తప్పు పడిందని, తనే పెద్దదని చెప్పింది. చాలా చక్కగా మాట్లాడుతుందండీ. మీరు ఈ అమ్మాయికి తండ్రి, అక్షయకి పెదనాన్న. మీ మాట చాలు నాకు. పెద్దమ్మాయి ఎవరండీ?"

గంగరాజు ప్రవల్లిక అనే చెప్పబోయాడు. ఆ పేరు నాలిక మీదికి వచ్చింది కూడా. అప్పుడు తలుపు దగ్గర అక్షయ ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదంతో పిక్క రుద్దుకుంది. నాగేశు అలాగే నిలబడేవాడు. చెట్టెక్కే ముందు, ఏ కొమ్మనుంచి మొదలెట్టాలా అని పైకి చూస్తూ, సరిగ్గా అలాగే.

"హలో? గంగరాజు గారూ?"

"ఉన్నానండి."

"చెప్పండి."

"కాగితంలో ఉన్నదే నిజమండి," అన్నాడు గంగరాజు. "అక్షయే పెద్దది."

"మరి మీ అమ్మాయి అంత గట్టిగా చెప్పిందేంటండీ?"

"చిన్నపిల్ల కదండీ," అన్నాడు. ఒక అబద్ధం ఆడాక రెండోది అడక్కుండానే వస్తుంది. "ఆశపడిందండి. మీరేం అనుకోకండి."

"అయ్యో. సరేనండీ. పాపం, ఆ అమ్మాయిని ఏమీ అనకండి. రేపు అక్షయని పంపించండి."

ఫోను ఆగిపోయింది. అరుగు మీద ఆ చిన్న వెలుగు కాసేపు ఉండి, అదీ పోయింది.

పార్వతి తిడుతుందని ఎదురు చూశాడు. ఆవిడ తిట్టలేదు. గోడవారన అలాగే జారి కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుంది. కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ ఏదో ఒకటి అంటూనే ఉన్న మనిషి.

మొదట లేచింది కల్యాణి.

"ఎందుకలా చెప్పారు బావగారూ?"

ఆయన నేల చూశాడు.

"మీ తమ్ముడు మీ బదులు చచ్చిపోలేదు. కొమ్మ తడిసుంది, కాలు జారింది. అంతే. ఇన్నేళ్ళూ నా పిల్లకి ముందు వడ్డిస్తుంటే ఊరుకున్నాను, మీ మనసుకి ఊరటేమోలే అని. ఇవాళ మీరు దాన్ని అక్క గొంతు మీద నిలబెట్టారు. పైపెచ్చు ఆ పిల్లని అబద్ధాలకోరుని చేశారు." కల్యాణి అక్షయ వైపు చెయ్యి చూపింది. "రేపు ఆ కాలేజీ మెట్లు ఇదెలా ఎక్కుతుంది? ఎక్కినా, ఎవరి కోసం ఎక్కినట్టు? దాని కోసమా, మీ కోసమా?"

"నేను వెళ్ళను," అంది అక్షయ. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

గంగరాజు గబగబా ఫోను చేతిలోకి తీసుకున్నాడు. సొన మరకల వేళ్ళు అద్దం మీద అటూ ఇటూ తిరిగాయి. ఆయనకి వచ్చిన ఫోను ఎత్తడం తెలుసు గాని, చెయ్యడం ఎప్పుడూ పిల్లల పనే.

"ప్రవల్లికా, నొక్కమ్మా. మళ్ళీ ఆవిడకి నొక్కు. తప్పు చెప్పానంటాను."

ప్రవల్లిక ఫోను అందుకోలేదు. కళ్ళలో నీళ్ళు లేవు. అది చూసే ఆయనకి భయం వేసింది.

"ఏమని చెప్తావు? మా అమ్మాయి అబద్ధం ఆడలేదు, నేనే ఆడానని చెప్తావా? ఆవిడ నమ్ముతుందా? ఒక పూటలో రెండు మాటలు చెప్పే ఇల్లని, ఇద్దర్నీ తీసేసి మూడోవాళ్ళకి ఇచ్చుకుంటుంది."

"నొక్కమ్మా, నా తల్లివి కదూ. నేను బతిమాలుకుంటాను."

"వద్దు."

పిల్ల వంటింట్లోకి వెళ్ళింది. మధ్యాహ్నం పార్వతి వండి మూత పెట్టిన అన్నం, ఎవరూ ముట్టనిది, అలాగే ఉంది. కంచం కడిగిన చప్పుడు వినిపించింది. వడ్డించిన చప్పుడు వినిపించింది. మళ్ళీ గుమ్మంలోకి వచ్చి, తడి చేతులు ఓణీకి తుడుచుకుంది. మాట ఎంతో మర్యాదగా ఉంది.

"పొద్దుటినుంచీ ఏం తినలేదు. అన్నానికి లే పెదనాన్నా."

ఆ ఇంట్లో ఆయన్ని అలా పిలిచేది ఒక్కతే. ఆ ఒక్కతి తలుపు పక్కన నిలబడి ఉంది, నేల మీద ఆనిన పాదం కదపకుండా, తన పిలుపు ఇంకొకరి నోటి వెంట విని.